ఓడిపోయే హక్కు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభ, హుస్నాబాద్ - ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘సినిమా - క్రీడలు’. నేను పీఈటీని. ఇరవై ఏడేళ్లుగా విజిల్ ఊదడమే తప్ప మైకు పట్టుకున్నది తక్కువ. విజిల్ ఊదితే అందరూ ఒక్కసారి నా వైపు తిరుగుతారు. మైకుకు ఆ గ్యారంటీ లేదని ఇప్పుడే అర్థమవుతోంది. అయినా ప్రయత్నిస్తాను.

మన భాషలో ఒక అందం ఉంది. కబడ్డీ ఆడతాం, బతుకమ్మ ఆడతాం, చిందు భాగోతం ఆడిస్తాం. సినిమాకు పోతే మొదటి ఆట, రెండో ఆట అంటాం. సినిమా బాగా నడిస్తే వంద రోజులు ఆడింది అంటాం. ఆటకూ సినిమాకూ మనవాళ్లు ఎప్పుడో చుట్టరికం కలిపేశారు. అందుకని ఈ రెండింటి గురించి కలిపి మాట్లాడటం నాకు పెద్ద కష్టం కాదు. అయితే నేను మొదలుపెట్టే సినిమా మీలో చాలామంది చూసి ఉండరు. అది మన సినిమా కాదు. అందులోని ఆట అసలే మన ఆట కాదు.

ఆ సినిమా పేరు ‘విప్ ఇట్’. 2009లో అమెరికాలో వచ్చింది. నటి డ్రూ బారీమోర్ మొదటిసారి దర్శకత్వం వహించిన సినిమా. షానా క్రాస్ అనే రచయిత్రి 2007లో రాసిన ‘డెర్బీ గర్ల్’ నవల దీనికి ఆధారం. ఆమె స్వయంగా ఆ ఆట ఆడిన మనిషి. కథ టెక్సస్‌లోని బోడీన్ అనే చిన్న ఊర్లో మొదలవుతుంది. బ్లిస్ అనే పదిహేడేళ్ల అమ్మాయి. ఎలియట్ పేజ్ ఆ పాత్ర వేశారు. తల్లి పోస్టల్ ఉద్యోగి, ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు వేస్తుంది. వయసులో ఉన్నప్పుడు అందాల పోటీల్లో పాల్గొంది కాబట్టి కూతురు కూడా అందులోనే పేరు తెచ్చుకోవాలని ఆమె ఆశ. తండ్రి ఫుట్‌బాల్ పిచ్చోడు, కానీ భార్యకు తెలియకుండా వ్యాన్‌లో కూర్చుని మ్యాచ్‌లు చూస్తుంటాడు. ఇలాంటి తండ్రులు మన దగ్గర లేరా? క్రికెట్ ఉన్న రోజు పొలం దగ్గర మోటరు చూసొస్తానని పోయి హోటల్లో టీవీ ముందు దొరికేవాళ్లు ఎంతమంది!

బ్లిస్ ఒకరోజు పక్కనున్న ఆస్టిన్ పట్నానికి పోయినప్పుడు చక్రాల బూట్లు వేసుకుని కరపత్రాలు పంచుతున్న అమ్మాయిలను చూస్తుంది. వాళ్లు ఆడే ఆట పేరు రోలర్ డెర్బీ. ఇంట్లో అబద్ధం చెప్పి మ్యాచ్ చూడటానికి పోతుంది. తర్వాత అటక మీద నుంచి చిన్నప్పటి బొమ్మల స్కేట్లు తీసి, బస్సెక్కి పట్నం పోయి, ఇరవై రెండేళ్లని వయసు దొంగ లెక్క చెప్పి జట్టులో చేరుతుంది. చేరిన జట్టు ఎప్పుడూ ఓడిపోయే జట్టు.

ఇక్కడ ఆట గురించి కొంచెం చెప్పాలి. హుస్నాబాద్‌లో రోలర్ డెర్బీ ఎవరికి తెలుస్తుంది అంటారేమో. కబడ్డీ తెలిసినవాళ్లకు ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

కోడిగుడ్డు ఆకారంలో ఒక ట్రాక్. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు. అందులో ఒకరి హెల్మెట్ మీద నక్షత్రం ఉంటుంది. ఆమెను జామర్ అంటారు. మన లెక్కలో ఆమె కూతకు పోయే రైడర్. మిగతా నలుగురు బ్లాకర్లు, అంటే పట్టు పట్టేవాళ్లు. జామర్ అవతలి బ్లాకర్ల గుంపును చీల్చుకుని ఒకసారి ముందుకు రావాలి. ఆ మొదటిసారికి పాయింట్లు లేవు. మళ్లీ చుట్టు తిరిగి వచ్చాక దాటిన ఒక్కో బ్లాకర్‌కు ఒక్కో పాయింటు. మన రైడ్ ముప్పై సెకన్లు. వాళ్ల జామ్ ఎక్కువలో ఎక్కువ రెండు నిమిషాలు. గుంపును నియమం ప్రకారం ముందుగా దాటిన జామర్ చేతులతో నడుము తట్టి ఆటను అక్కడికక్కడే ఆపించవచ్చు. తన పాయింట్లు తీసుకుని, అవతలి ఆమెకు అవకాశం ఇవ్వకుండా బయటపడటం అన్నమాట. మన రైడర్ రెండు పాయింట్లు తెచ్చుకుని ఇక చాలని గీతకు తిరిగొచ్చినట్టే. తేడా ఒక్కటే. కబడ్డీలో ఒకరు కూతకు పోతే రెండో జట్టు పట్టు పడుతుంది. డెర్బీలో రెండు జట్ల రైడర్లూ ఒకేసారి పోతారు. అంటే ప్రతి జట్టూ ఒకే క్షణంలో దాడీ చేయాలి, అడ్డూ పడాలి.

ఈ ఆట పుట్టింది 1935లో షికాగోలో. లియో సెల్ట్‌జర్ అనే ఆయన రోజుల తరబడి సాగే స్కేటింగ్ పందెంగా మొదలుపెట్టాడు. జనం పరుగు కంటే ఒకరినొకరు గుద్దుకోవడాన్నే ఎక్కువ ఇష్టపడుతున్నారని తర్వాత తెలిసింది, ఆట ఆ దారి పట్టింది. కొంతకాలం వెలిగి ఆరిపోయింది. 2001లో ఆస్టిన్‌లోనే ఆడవాళ్లు దాన్ని మళ్లీ లేపారు. ఈసారి ఆడేవాళ్లే టికెట్లు అమ్మారు, ఆడేవాళ్లే నియమాలు రాసుకున్నారు. 2004 నాటికి వేర్వేరు ఊర్ల జట్లు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. పగలు టీచర్లు, నర్సులు, పిల్లల తల్లులు. రాత్రి మోచిప్పలకు ప్యాడ్లు కట్టుకుని మైదానంలో. ఆట కోసం ఒక్కొక్కరు ఒక్కో చిత్రమైన పేరు పెట్టుకుంటారు.

చక్రాల బూట్లు తెలుగువాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు, 2015కు అర్జున పురస్కారం అందుకున్నాడు. కానీ మన దగ్గర స్కేటింగ్ రింక్ లేదు. ఉన్న సీసీ రోడ్ల మీద స్కేటింగ్ చేస్తే పతకం కంటే ముందు పట్టీలు వస్తాయి.

ఇక సినిమా సంగతి. బ్లిస్ ఉన్న జట్టు ఓడిపోయినా బాధపడదు. ‘మేం నంబర్ టూ’ అని అరుస్తూ గంతులేస్తుంది. రెండే జట్లు ఆడిన మ్యాచ్‌లో రెండో స్థానం అంటే ఏమిటో మీకు తెలుసు. కోచ్ పుస్తకం నిండా ఎత్తుగడలు రాసుకొస్తాడు, వాళ్లు చదవరు. బ్లిస్ వచ్చాక కొంచెం పట్టుదల వస్తుంది, ఫైనల్‌కు చేరతారు. అదే రోజు అందాల పోటీ. తండ్రి వచ్చి కూతురిని ఆటకు తీసుకుపోతాడు. ఇప్పటిదాకా విన్నవాళ్లు తర్వాత ఏమవుతుందో ఊహించే ఉంటారు. మీ ఊహ తప్పు. ఫైనల్‌లో వాళ్లు కొద్దిలో ఓడిపోతారు. ఓడిపోయి మళ్లీ అదే కేక వేస్తారు. సినిమా సంతోషంగా ముగుస్తుంది.

నేను ఈ సినిమాలోని కొన్ని ముక్కలను మా ఖోఖో పిల్లలకు టోర్నమెంటు నుంచి తిరిగొచ్చే బస్సులో ఫోన్‌లో చూపించాను. మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టి వస్తున్నాం కాబట్టి బస్సులో ఎవరికీ మాటల్లేవు. చూసిన తర్వాత వాళ్లడిగిన మొదటి ప్రశ్న, ‘మేడమ్, వీళ్లకు బ్రేకులు ఎక్కడుంటయి?’ రెండో ప్రశ్న, ‘ఓడిపోయిండ్రు కద, మరెందుకు నవ్వుతున్నరు?’ మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదాని గురించే ఈ రోజు ఇక్కడ మాట్లాడుతున్నాను. మన బస్టాండు వచ్చేసరికి పిల్లలు తమకు తాము పేర్లు పెట్టుకున్నారు. ఒకతి కందిరీగ, ఒకతి గుండ్రాయి, ఒకతి ఎక్స్‌ప్రెస్ బస్సు. ఎక్స్‌ప్రెస్ ఎందుకంటే ఎక్కడా ఆగదట.

మన తెలుగు సినిమాలకు వద్దాం. ఆటల సినిమాలు మనకు తక్కువేం లేవు. 2003లో ‘ఒక్కడు’, ‘కబడ్డీ కబడ్డీ’ వచ్చాయి. 2004లో రాజమౌళి ‘సై’ తీసి, రగ్బీ అనే మాట వినని ఊర్లలో కూడా పిల్లల చేత కొబ్బరికాయతో రగ్బీ ఆడించాడు. 2010లో ‘భీమిలి కబడ్డీ జట్టు’. గెలుపు ఎరుగని ఊరి కుర్రాళ్ల జట్టు. చివర్లో ఏడిపించినా, దారి పొడుగునా వాళ్ల ఓటములకు మనం కడుపుబ్బ నవ్వుకున్నాం. 2011లో ‘గోల్కొండ హైస్కూల్’. బడి మైదానాన్ని కోచింగ్ కోసం తీసేసుకుంటామంటే, మైదానం కోసం పిల్లలు క్రికెట్ ఆడి నిలబడతారు. ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ సినిమా ఇంకోసారి చూడాలని నా మనవి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఈ సినిమాలన్నీ నాకు ఇష్టమే. కానీ వీటన్నిటిలో ఆట మగపిల్లలది. ఆడపిల్ల గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడుతుంది.

ఆడపిల్ల ఆడే సినిమాలు ఆలస్యంగా వచ్చాయి. 2019లో భీమనేని శ్రీనివాసరావు ‘కౌసల్య కృష్ణమూర్తి’ తీశారు. తమిళ ‘కనా’కు రీమేక్. ఐశ్వర్య రాజేశ్ కౌసల్య, రాజేంద్రప్రసాద్ రైతు తండ్రి. మన దేశం మ్యాచ్ ఓడిపోతే తండ్రి ఏడవడం చూసి, ఆ కన్నీళ్లు తుడవాలని చిన్నపిల్ల బంతి పట్టుకుంటుంది. ఊర్లో మగపిల్లలతో కలిసి ఆడుతుంది. తల్లి వద్దంటుంది. తండ్రి అప్పుల్లో కూరుకుపోతుంటాడు. 2021లో ‘సీటీమార్’ వచ్చింది. రెండు రాష్ట్రాల మహిళా కబడ్డీ జట్లు, గోపీచంద్, తమన్నా కోచ్‌లు. ఆట అమ్మాయిలది, కానీ ఫైట్లు మాత్రం కోచ్‌వే. అంతకుముందు 2017లో రాహుల్ బోస్ హిందీలో ‘పూర్ణ’ తీశాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన అమ్మాయి మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి రాళ్ల మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అది మన పక్క జిల్లా కథ.

ఇవన్నీ మంచి సినిమాలే. కౌసల్యను చూసి నేను ఏడ్చాను కూడా. కానీ ఒక లెక్క చూడండి. భీమిలి కుర్రాళ్లు వరసగా ఓడినా మనం ప్రేమించాం. ఆడపిల్ల సినిమాలో ఆడాలంటే మాత్రం తండ్రి కన్నీళ్లు తుడవాలి, రైతు కష్టం లోకానికి చెప్పాలి, దేశానికి కప్పు తేవాలి, లేకపోతే ఎవరెస్టు ఎక్కాలి. ఊరికే ఆడుకోవడానికి, ఓడిపోయి నవ్వుకుంటూ ఇంటికి పోవడానికి ఆమెకు కథలో చోటు లేదు. మగపిల్లాడి ఆటకు కారణం అడగం. ఆడపిల్ల ఆటకు రసీదు అడుగుతాం. ఆ రసీదు పేరే పతకం.

ఇది సినిమాతో పోతే బాధ లేదు. గ్రౌండ్‌లో కూడా ఇదే చూస్తున్నాను. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఆట కోసం ఆ కుటుంబం సికింద్రాబాద్‌కు మారింది. 2025 అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో త్రిష 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. వీళ్లు తెరిచిన తలుపులు చాలా పెద్దవి. కానీ అదే పేర్లతో కొందరు తలుపులు మూస్తారు. ‘మీ బిడ్డ నిఖత్ అంత అయితదా? కాకుంటే ఎందుకు ఆడుడు?’ అని నా ముందే అన్నవాళ్లున్నారు. మగపిల్లాడు క్రికెట్ బ్యాట్ పట్టుకుని పోతుంటే, ‘నువ్వు కోహ్లీ అంత అయితవారా?’ అని ఆపినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మిత్రులారా, ఆరో తరగతిలో ఆడపిల్లలతో గ్రౌండ్ నిండుతుంది. విజిల్ ఊది ఇంటికి పంపాల్సి వస్తుంది. పదో తరగతికి వచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టాలి. మధ్యలో ఏమైంది? వాళ్ల కాళ్లలో బలం తగ్గలేదు. నేను ఇళ్లకు పోయి అడిగాను. కారణాలు చాలా చిన్నవి, అందుకే ఎవరికీ కనబడవు. గ్రౌండ్ దగ్గర బట్టలు మార్చుకునే గది లేదు. నెలసరి రోజుల్లో పోవడానికి బాత్రూం లేదు, ఉన్నదానికి గొళ్లెం లేదు. సాయంత్రం ఆడితే ఊరికి పోయే బస్సు దొరకదు. ఇంట్లో బీడీల చాట ఎదురు చూస్తుంటుంది. బడి నుంచి రాగానే ఆకు కత్తిరించాలి.

వీటన్నిటి మధ్య తల్లి ఉంటుంది. కౌసల్యలోనూ తల్లే వద్దంటుంది, విప్ ఇట్‌లోనూ తల్లే వద్దంటుంది. తండ్రి ఆట మీద ప్రేమ ఉన్న మంచివాడు. ఇది చూసి తల్లులే అడ్డమని అనుకోవడం తేలిక. ఒక తల్లి నాతో అన్న మాట వినండి. ‘టీచరమ్మా, ఆడితే ఆడనీ, నాకేం బాధ. బస్సు పోయినంక చీకట్ల దాన్ని ఇంటికి ఎవలు తెస్తరు? రేపు ఏదన్న అయితే ఊరోళ్లు నన్నే అడుగుతరు, వాళ్ల నాయిన్ని అడగరు.’ ఊరికి జవాబు చెప్పే బాధ్యత తల్లి మీద పెట్టాం. తర్వాత ఆమె భయపడుతుందని ఆమెనే అంటున్నాం. విప్ ఇట్‌లో జట్టు కెప్టెన్ కూడా ఒక బిడ్డ తల్లే. అమ్మను తిట్టుకునే బ్లిస్‌కు ఆమే నచ్చజెబుతుంది. అందుకే ఆ సినిమా నాకు నచ్చింది. అందులో తల్లి విలన్ కాదు.

గెలుపు వద్దని నేననడం లేదు. పోటీకి పోయే పిల్లకు గెలవమనే చెబుతాను. కానీ గెలిచేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ఓడినా రేపు మళ్లీ గ్రౌండ్‌కు వచ్చే వందమందిలో నుంచి వస్తారు. 2017 ప్రపంచకప్ ఫైనల్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ జట్టు లార్డ్స్‌లో 9 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి తర్వాతే దేశం మహిళా క్రికెట్‌ను కూర్చుని చూడటం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లకు, 2025 నవంబరు 2న నవీ ముంబైలో కప్పు చేతికొచ్చింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. మన కబడ్డీనే తీసుకోండి. ఆసియా క్రీడల్లో మగవాళ్లకు 1990లో చోటిచ్చారు, ఆడవాళ్లకు 2010లో. ఇరవై ఏళ్లు గట్టు మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత వెంటనే బంగారం తెమ్మన్నారు. వాళ్లు తెచ్చారు కూడా. తేకపోయినా ఆడనివ్వాల్సిందే అని నేనంటాను.

ఇక నా మనవి. స్వర్ణోత్సవం గుర్తుగా బడి గేటు దగ్గర ఆర్చి కట్టాలని కమిటీ అనుకుంటోందని తెలిసింది. గ్రౌండ్‌లో కొంత భాగం అదనపు గదులకు ఇవ్వాలనే మాట కూడా ఉంది. ఆర్చికి నేను వ్యతిరేకం కాదు, ఫొటోలకు బాగుంటుంది. కానీ వరస మార్చమంటున్నాను. ముందు గ్రౌండ్ పక్కన ఆడపిల్లలకు నీళ్లు వచ్చే, లోపల గొళ్లెం పడే ఒక గది. తర్వాత ఒక ఖోఖో కోర్టు, దాని పక్కన పన్నెండు మీటర్లు పొడవు, ఎనిమిది మీటర్లు వెడల్పు ఉన్న ఆడపిల్లల కబడ్డీ కోర్టు. ఎర్రమట్టి మనకు కొత్తగా కొనేది కాదు. మూడోది, ప్రాక్టీసు ఉన్న రోజుల్లో పిల్లలను ఊర్లలో దించిరావడానికి ఒక ఆటో. దాని కిరాయిని ఒక్కో బ్యాచ్ ఒక్కో నెల పంచుకుంటే సంవత్సరం గడుస్తుంది. మిగిలిన డబ్బుతో ఆర్చి. గ్రౌండ్‌లో గజం కూడా తగ్గకూడదు. ‘గోల్కొండ హైస్కూల్’ ఇంకోసారి చూడమన్నది అందుకే.

ఒక షరతు కూడా. ఈ సౌకర్యాలు ఇచ్చి, వచ్చే ఏడాదికి ఎన్ని పతకాలు వచ్చాయని నన్నుగానీ నా తర్వాత వచ్చే పీఈటీనిగానీ అడగొద్దు. పదో తరగతి ఆడపిల్లలు ఎంతమంది గ్రౌండ్‌లో ఉన్నారని అడగండి. ఆ లెక్క రాసి పెట్టడం మా పని.

చివరగా, ‘విప్ ఇట్’ అనే పేరుకు అర్థం చెబుతాను. రోలర్ డెర్బీలో ఒక ఎత్తుగడ ఉంది. ముందున్న ఆమె చేయి వెనక్కి చాపుతుంది. వెనకున్న జామర్ ఆ చేయి పట్టుకుంటుంది. ముందున్న ఆమె తన వేగమంతా ఆ చేతిలోకి తెచ్చి ఆమెను గుంపులో నుంచి ముందుకు విసురుతుంది. విసిరిన ఆమె కొంచెం వెనకబడుతుంది, విసరబడిన ఆమె దూసుకుపోతుంది. దాన్నే విప్ అంటారు. పూర్వ విద్యార్థుల సంఘం అంటే ఏమిటని నన్నడిగితే నాకు తెలిసిన జవాబు ఇదే. మనకు ఈ బడి ఇచ్చిన వేగం కొంత మిగిలే ఉంది. చేయి చాపుదాం.

ఆడపిల్ల అంటే ‘ఆడి’ పిల్ల, ఎప్పటికైనా అక్కడికి పోయే పిల్ల అని మన పెద్దలు అంటుండేవారు. ‘ఆడే’ పిల్ల అని చదువుకుంటే మన భాషకేం నష్టం లేదు. వంటలు అయినట్టున్నాయి. పిల్లలను ముందు కూర్చోబెట్టండి.